కబడ్డీ జట్టులో ఒక్కొక్కరిది ఒక్కో తీరు: పన్నెండు మందినీ ఎలా కలిపి ఆడించాలి?

గోదారి_చెడుగుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా ఊరి కబడ్డీ జట్టుకి ఈ ఏడాది నన్ను కెప్టెన్‌ని చేశారు. సంక్రాంతి పోటీలకి ఇంకా ఆరు వారాలుంది. మొత్తం 12 మందిమి, నేను సెంటర్‌లో ఆడతాను. ఆటలో ఎవరికీ వంక పెట్టలేం. చిక్కంతా మనుషులతోనే.

మా మెయిన్ రైడర్ ప్రతి కూతకీ తనే వెళ్తానంటాడు. ఇంకొకరిని పంపితే మొహం ముడుచుకుంటాడు, ఆ తర్వాత రైడ్‌కి వెళ్ళినా మనసు పెట్టడు. మావాళ్ళు నలుగురు అవుటై బయట కూర్చున్నా సరే, బోనస్ గీత (అవతలి కోర్టులో లోపలున్న గీత, తొక్కితే ఒక పాయింట్) తొక్కేసి వచ్చేస్తాడు. లెఫ్ట్ కార్నర్‌కి (డిఫెన్స్ వరుసలో ఎడమ చివర నిలబడేవాడు) కోపం ముక్కు మీదే ఉంటుంది. రైడర్ ఇంకా లోపలికి రాకుండానే కాళ్ళ మీద పడతాడు, దొరక్కపోతే పక్కవాణ్ణి తిడతాడు, ఆపైన అంపైర్‌తో గొడవ. రైట్ కవర్ (నాకు కుడి పక్కన నిలబడేవాడు) మంచి ఆటగాడు, కానీ నోరు విప్పడు. డాష్ (రైడర్‌ని ఢీకొట్టి గీత బయటికి నెట్టడం) ఎప్పుడు కొడతాడో పక్కవాడికి కూడా తెలీదు. ముప్పై నాలుగేళ్ళ అన్నయ్య ఒకాయన రొయ్యల చెరువు మీద పనిచేస్తారు, రోజూ అరగంట ఆలస్యం. పదిహేడేళ్ళ కుర్రాళ్ళిద్దరున్నారు, గట్టిగా ఒక మాటంటే ఆ రోజంతా వాళ్ళ చేతులు ముందుకి రావు.

అందరినీ కూర్చోబెట్టి రెండుసార్లు మాట్లాడాను. అక్కడ తలూపుతారు, కోర్టులో దిగాక మళ్ళీ మామూలే. రేపు సాయంత్రం నుంచి చేయగలిగినవి ఏమైనా ఉంటే చెప్పండి.

పీడీ_మాస్టారు

తమ్ముడూ, ముందు ఆ అందరినీ కూర్చోబెట్టి చెప్పడం ఆపెయ్. నువ్వు రాసినవాటిలో సగం గుణాల గొడవలు కావు. ముందే తేల్చుకోవాల్సినవి కోర్టులో తేల్చుకుంటున్నారు. కూతకి ఎవరెళ్ళాలో అప్పటికప్పుడు అనుకుంటే గట్టిగా అడిగినవాడే వెళ్తాడు. వాణ్ణి మార్చాలని చూడకు, ఆ నిర్ణయాన్ని కోర్టులోంచి బయటికి తీసుకురా.

లెక్క చూడు. రైడ్‌కి 30 సెకన్లు, సగానికి 20 నిమిషాలు. రెండు జట్లూ సమయం పూర్తిగా వాడుకున్నా ఒక్కో జట్టుకి సగంలో సుమారు 20 కూతలు వస్తాయి. మెయిన్ రైడర్‌కి 10, రెండోవాడికి 6, మూడోవాడికి 4 అని నోటుబుక్కులో రాయండి. ఒక్కడే ఇరవై వెళ్తే రెండో సగానికి కాళ్ళు బరువెక్కుతాయి, కాలి వేళ్ళతో అందాల్సిన టో టచ్ జానెడు దూరంలో ఆగిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. వాడు దొరికిపోయి బయట కూర్చున్నప్పుడు రెండో రైడర్ అప్పటిదాకా ఒక్కసారీ అవతలికి వెళ్ళి ఉండడు. ఏ కార్నర్ ముందుకొస్తున్నాడో, ఏ కవర్ వెనక్కి తగ్గుతున్నాడో వాడికి తెలీదు. చీకట్లోకి పంపినట్టే.

ఈ ఆర్డర్‌ని మొదట అందరి ముందూ చెప్పకు. మెయిన్ రైడర్‌ని విడిగా పిలిచి అతని చేత్తోనే రాయించు. రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై (పాయింట్ తేకపోతే రైడరే అవుట్) కదా, అవన్నీ నీవేనని చెప్పు. అలా చెబితే పక్కన నిలబడ్డ రెండు కూతలూ తన వంతుకి సిద్ధమవడానికేనని అతనికే అర్థమవుతుంది. ఊరి పోటీల్లో కొన్నిచోట్ల డూ ఆర్ డై పెట్టరు. కమిటీని ముందే అడుగు. అది లేకపోతే ప్రతి సగంలో చివరి మూడు నిమిషాల కూతలు అతనివని రాసుకోండి.

ఇక బోనస్. దీన్ని మాటలతో ఆపలేవు, లెక్కతో ఆపగలవు. బోనస్‌తో స్కోరుకి ఒక పాయింట్ వస్తుంది, కానీ బయట ఉన్నవాడు లోపలికి రాడు. టచ్‌కైతే పాయింట్‌తోపాటు మనిషి లేస్తాడు. అవుటైన వరుసలోనే లేస్తారు కాబట్టి ఎవరు ముందొస్తారో కూడా తెలుస్తుంది. మీ స్కోరు పుస్తకంలో రైడర్ పేరు ఎదుట మూడు గళ్ళు గీయండి: టచ్‌లు, బోనస్‌లు, లేపిన మనుషులు. ప్రాక్టీస్ అయ్యాక మూడో గడిని అతనొక్కడికే చూపించు. పేరు కోసం ఆడేవాడికి పేరు ఏ గడిలో ఉందో చూపిస్తే ఆ గడి వైపే పరిగెడతాడు. నియమం ఒక్కటే ఉండాలి: మనవాళ్ళు ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది బయటుంటే బోనస్ వద్దు, టచ్ కావాలి. ఆఖరి కూతల్లో ఒక్క పాయింట్‌తో మ్యాచ్ తేలిపోయేచోట మాత్రమే దీనికి మినహాయింపు.

ఒక్క రైడర్ మీద జట్టు నిలబడదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ప్రో కబడ్డీ పదో సీజన్‌కి తెలుగు టైటాన్స్ స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి తీసుకుంది. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. పవన్ ఆట తగ్గిందని ఎవరూ అనలేరు. మీ రైడర్‌కి ఇది తప్పు పడుతున్నట్టు చెప్పకు. మిగతా ఆరుగురూ నిలబడితేనే నీ పాయింట్లు గెలుపులోకి వస్తాయని చెప్పు.

లెఫ్ట్‌కార్నర్_7

మాస్టారు రైడర్ సంగతి చెప్పేశారు. నేను కార్నర్ గురించే మాట్లాడతాను, ఎందుకంటే కోపిష్టి కార్నర్‌ని చాలామంది కెప్టెన్లు చల్లబరచబోయి పాడుచేస్తారు. దయచేసి “కూల్‌గా ఉండు” అనకండి. కార్నర్‌కి ఆ వేడి కావాలి. 80 కిలోల మనిషి పరుగున వస్తుంటే చీలమండ పట్టుకోవడానికి తెగువ లేకపోతే కుదరదు. కావాల్సిందల్లా ఆ తెగువ ఎప్పుడు బయటికి రావాలన్నదే.

ముందుగా ఒక విషయం అతనికి కోర్టులో గీత మీద నిలబెట్టి చూపించండి. బాక్ లైన్ మధ్యగీత నుంచి 3.75 మీటర్లు. ఎవరినీ తాకకుండా, ఆ గీత దాటకుండా రైడర్ వెనక్కి వెళ్తే అవుట్. అంటే గీత దాటేదాకా పని రైడర్‌ది, మనది కాదు. అంతకుముందే మీదపడితే తిరిగి వెళ్ళడానికి కావాల్సిన టచ్‌ని మన చేత్తో మనమే ఇచ్చినట్టు. ఈ కారణం తెలిస్తే సగం తొందర తగ్గుతుంది. “ఆగు” అని వందసార్లన్నా తగ్గదు.

మిగతా సగానికి ఒక డ్రిల్. కార్నర్, పక్కన ఇన్ (కార్నర్‌కీ కవర్‌కీ మధ్య నిలబడేవాడు), ఎదురుగా ఒక రైడర్. పది కూతలు. రైడర్ గీత దాటి వెనక్కి తిరిగే క్షణం, లేదా కాలు చాచి బరువంతా ఒంటికాలి మీద పెట్టే క్షణం, ఈ రెండింట్లోనే పట్టు వెయ్యాలి. ఇంకెప్పుడు వేసినా, పట్టు దొరికినా సరే, లెక్కలోకి రాదు. దొరికిన పట్టుని కూడా కొట్టేయడం ముఖ్యం. లేకపోతే అదృష్టంతో దొరికిన మూడు పట్లు చూసి అలవాటు గట్టిపడుతుంది. వారానికి నాలుగు రోజులు, రోజుకి రెండు విడతలు చేస్తే మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది.

పక్కవాణ్ణి తిట్టడం గురించి. పట్టు తప్పాక మన రైడర్‌ని 5 సెకన్లలో పంపాలి. ఆ 5 సెకన్లలో పంచాయితీకి చోటెక్కడిది? ఒక నియమం పెట్టండి: పట్టు మొదలుపెట్టినవాడే ముందు మాట్లాడాలి, ఒక్క మాటే, “నాది” అని. తప్పు ఎవరిదైనా సరే. ఆ మాట వచ్చాక ఇంకెవరూ ఏమీ అనకూడదు. నిజంగా ఎవరి తప్పో సాయంత్రం వీడియో ఉంటే చూసుకోవచ్చు, లేకపోతే వదిలేయవచ్చు.

అంపైర్‌తో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే. ఇది కోపానికి సంబంధించిన మాట కాదు, స్కోరుకి సంబంధించింది. గ్రీన్ కార్డు హెచ్చరిక. ఎల్లో వస్తే రెండు నిమిషాలు బయట, ఆ రెండు నిమిషాలూ మీరు ఒకరు తక్కువతో ఆడాలి. కార్నర్ లేని డిఫెన్స్ మీదికి రెండు మూడు కూతలొస్తే ఆలౌట్ (ఏడుగురూ అవుట్) దాకా పోవచ్చు, అవతలివాళ్ళకి అదనంగా ఇంకో రెండు పాయింట్లు. అతనికి అన్యాయం అనిపిస్తే నీ దగ్గరికొచ్చి చెప్పాలి, నువ్వు తప్పకుండా వెళ్ళి అడగాలి. ఒక్కసారి నువ్వు అడగకుండా ఊరుకుంటే ఆ తర్వాత అతను నీకు చెప్పడు.

గోదారి_చెడుగుడు

మాస్టారూ, అన్నా, చాలా థాంక్సండి. ఆ మూడు గళ్ళు ఇవాళే గీస్తాను. ఇంకో రెండున్నాయి. ఆలస్యంగా వచ్చే అన్నయ్యని ఏమీ అనలేకపోతున్నాను, అనకపోతే కుర్రాళ్ళు కూడా నెమ్మదిగా ఆలస్యం మొదలుపెట్టారు. పైగా పండక్కి వేరే ఊరివాళ్ళు మా రైడర్‌ని డబ్బులిచ్చి ఆడమని అడుగుతున్నారట. అదెలా మాట్లాడాలో తెలీడం లేదు.

ఇందూరు_కూత

తమ్మీ, పైసల ముచ్చట ముందుగాల తెంపుకో. ఆఖరికి పెట్టుకుంటే జట్టు జట్టే ఇచ్చుకపోతది. ప్రైజ్ వస్తె ఎట్ల పంచుకుంటరో ఇయ్యాల్నే కాయితం మీద రాయండి. ముందు బండి కిరాయి, ఎంట్రీ ఫీజు, తిండి, కట్లు, స్ప్రే ఖర్చు తీసెయ్యాలె. మిగిలింది పన్నెండు మందికి సమానం, బెంచి మీదున్నోనికి సుత అంతే. బెస్ట్ రైడర్, బెస్ట్ క్యాచర్ అని విడిగ ఇచ్చేది ఎవలకొస్తె వాళ్లదే, దాంట్ల చెయ్యి పెట్టొద్దు. గిట్ల రాస్తె రైడర్‌కు తన కష్టం పోతలేదని తెలుస్తది, మిగిలినోళ్లకు గూడ మేము లెక్కల ఉన్నమని తెలుస్తది.

వేరే ఊరోళ్లు పిలుస్తున్నరంటె కోపానికి రాకు. నాలుగు పైసలు వస్తయంటె ఎవలైన ఆలోచిస్తరు, అది మోసం కాదు. ఒక తారీకు పెట్టు, పోటీలకు మూడు వారాల ముందు. గప్పటికల్ల ఉంటవా పోతవా చెప్పుమను. పోతనంటె మంచిగ సాగనంపి, రెండో రైడర్‌కు ఆ పది కూతలు ఇచ్చి తయారు చేసుకో. మూడు వారాలు దొరికితె జట్టు సర్దుకుంటది, మూడు రోజులైతె సర్దుకోదు. తారీకు దాటినంక పోతనంటె మాత్రం వచ్చే ఏడాది జట్టుల పేరుండదని ముందే చెప్పు. అందరికీ ఒకటే తీరుగ చెప్పాలె, ఆయన ఒక్కనికే కాదు.

చెరువు కాడ పనిచేసే అన్నకు జుర్మానా ఎయ్యకు. పని ఇడిసిపెట్టి ఆయన యాళకు రాలేడు, నువ్వు ఎంత తిట్టినా గంతే. ప్రాక్టీస్‌నే తిప్పు. గంటన్నర ఉన్నదనుకో, ముందుగాల 15 నిమిషాలు వార్మప్, 20 నిమిషాలు జంటల డ్రిల్, గప్పటికి ఆయన వస్తడు. వచ్చినంక పది నిమిషాలు ఒళ్లు వేడి చేసుకోనియ్యి, ముప్పై నాలుగేండ్ల మోకాలు ఊకె దిగితె పట్టేస్తది. ఆ పది నిమిషాలు మిగిలినోళ్లు హ్యాండ్ టచ్, కిక్ చేసుకుంటరు. తర్వాత 25 నిమిషాలు ముగ్గురి డిఫెన్స్, సూపర్ ట్యాకిల్ సాధన. దాన్ని ఆయన చేతికే ఇయ్యి. ముగ్గురో, అంతకన్న తక్కువో ఉన్నప్పుడు పట్టుకుంటె ఒక పాయింట్ ఎక్కువొస్తది గద. గప్పుడు కావాల్సింది ఓపిక, అనుభవం. కుర్రోళ్లు ఆయన దగ్గర నేర్చుకుంటున్నరంటె “అన్న లేటొస్తడు, మేమెందుకు రావాలె” అన్న మాట దానంతట అదే పోతది. ఆఖరి 20 నిమిషాలు మ్యాచ్.

లేటుకు నియమం ఒకటే పెట్టు: మధ్యాహ్నం లోపల చెప్పినోడు లేటు కాదు. చెప్పనోడు ఎవలైన సరే, ఆ పూట మ్యాచ్‌ల మొదటి ఏడుగుర్ల ఉండడు. కెప్టెన్‌వు నువ్వైన గంతే.

వరంగల్_అమ్మాయిల_జట్టు

నేను అమ్మాయిల జట్టుకి శిక్షణ ఇస్తాను. అమ్మాయిల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పే. డిఫెన్స్‌లో దగ్గరదగ్గరగా ఉంటారు, అందుకే అరవకుండా కబురు చెప్పుకోవడం మాకు తప్పనిసరి. మీ రైట్ కవర్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది చెబుతాను.

మాట్లాడని మనిషిని మాట్లాడించాలని చూడకండి. “అరువు, అరువు” అని వెంటపడితే అతని బుర్రంతా అరవడం మీదే ఉంటుంది, రైడర్ నడుం ఎటు తిరుగుతోందో చూడడు. పైగా అరిచి చెప్పే పిలుపు రైడర్‌కీ వినపడుతుంది. మీ గొలుసులో కవర్, పక్కన ఇన్ చేతులు పట్టుకునే ఉంటారు కదా, ఆ చేతినే వాడండి. ఒకసారి నొక్కితే ఆగు, రెండుసార్లు నొక్కితే వెళ్తున్నా, చెయ్యి వెనక్కి లాగితే తగ్గు. మూడే సంకేతాలు, నాలుగోది పెట్టకండి. మొదటి వారం రైడర్‌ని నడిపిస్తూ చేయించండి, రెండో వారం సగం వేగం, మూడో వారం పూర్తి వేగం. ఇందులో తప్పు జరిగేది ఒకచోటే. భయంతో గట్టిగా పట్టుకున్న చెయ్యి నొక్కినట్టే అనిపిస్తుంది. అందుకే మామూలుగా పట్టు వదులుగా ఉండాలని మొదటిరోజే చెప్పాలి.

టైమవుట్‌లో మొదటి ప్రశ్న అతన్నే అడగండి. “ఎలా ఉంది?” అనకూడదు. “వాళ్ళ మెయిన్ రైడర్ ఏ కాలు ముందు పెడుతున్నాడు?” అని అడగాలి. ఒక్క ముక్కలో జవాబుంటే నెమ్మదస్తులు చెబుతారు, అదీ కచ్చితంగా చెబుతారు. ఇలాంటివాళ్ళు గమనించేది ఎక్కువ, మనం అడగం అంతే.

కుర్రాళ్ళిద్దరి విషయం. “చెయ్యి ఎందుకు వదిలేశావు?” అంటే ఆ పిల్లాడి దగ్గర జవాబుండదు, సిగ్గే ఉంటుంది. “తర్వాతిసారి అతను పూర్తిగా కింద పడేదాకా చెయ్యి వదలకు” అంటే చేయడానికి ఒక పని ఉంటుంది. ఒక పూటకి ఒక పిల్లాడికి ఒకే ఒక దిద్దుబాటు. రెండోది గుర్తొచ్చినా రేపటికి దాచుకోండి. మీ జట్టుకి వాట్సాప్ గ్రూపు ఉంటే అందులో ప్రాక్టీస్ సమయం, బండి బయల్దేరే వేళ తప్ప ఇంకేమీ రాయకండి. తప్పులు గ్రూపులో పెడితే రాత్రంతా అవే చదువుకుంటూ పడుకుంటారు.

ఇందూరు అన్న చెప్పిన లేటు నియమం బాగుంది. అయితే కుర్రాళ్ళకి మొదటి రెండు వారాలు దాన్ని వాడకండి. ఇప్పుడే భయపడుతున్న పిల్లాణ్ణి బయట కూర్చోబెడితే అది శిక్షలాగే తగులుతుంది, పాఠంలా అందదు.

ఇందూరు_కూత

అక్కా, గక్కడ నాకు కొంచెం వేరే ఆలోచన. ఇద్దరికి ఒక నియమం, పది మందికి ఒక నియమం అంటె ఆ కార్నర్ ఊకుంటడా? కోపమొచ్చేటోనికి అందరికన్న ముందు కనిపించేది గిదే. నియమం అందరికీ ఒకటే ఉండాలె. చెప్పే మాటనే మనిషిని బట్టి మార్చాలె. పిలగాన్ని భుజం మీద చెయ్యేసి కూసోపెట్టు, మధ్యల స్కోరు రాయమను, ఆట ఎట్ల నడుస్తున్నదో వానికి సుత తెలుస్తది.

వరంగల్_అమ్మాయిల_జట్టు

స్కోరు రాయించడం మంచి ఆలోచన అన్నా. అలాగైతే నాకూ సమ్మతమే.

పీడీ_మాస్టారు

టైమవుట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. సగానికి రెండు, ఒక్కోటి 30 సెకన్లు. అందరూ ఒకేసారి మాట్లాడితే 30 సెకన్లూ గాలికి పోతాయి. మొదటి పది సెకన్లు నీళ్ళు, ఊపిరి, ఎవరూ మాట్లాడకూడదు. రెండో పది అమ్మాయి గారు చెప్పినట్టు కవర్‌వి. చివరి పది నీవి, అందులో రెండే మాటలు: తర్వాత కూతకి ఎవరు, వాళ్ళ రైడర్‌ని పట్టాలా, ఖాళీగా పంపాలా. “గట్టిగా ఆడండి” లాంటి మాటలకి అందులో చోటు లేదు.

గొంతు పెంచితేనే కెప్టెన్ అనుకునేవాళ్ళకి అప్పటి భారత జట్టు కెప్టెన్ అనూప్ కుమార్‌ని గుర్తుచేస్తాను. 2016 ప్రపంచకప్ అహ్మదాబాద్‌లో జరిగింది. మొదటి మ్యాచే మనం కొరియాకి 32-34తో పోగొట్టుకున్నాం. ఫైనల్లో ఇరాన్ మీద సగం ఆటకి 13-18తో వెనకబడి ఉన్నాం, చివరికి 38-29తో గెలిచాం. మన రైడర్ అజయ్ ఠాకూర్ 12 పాయింట్లు తెచ్చాడు. కెప్టెన్ అనూప్ నెమ్మదికి పేరున్నవాడు, ఆ నెమ్మది మిగతా ఆరుగురికీ అందుతుంది. అయిదు పాయింట్ల వెనకబాటు అంటే ఒక ఆలౌట్, దానికి ముందు రెండు మంచి పట్లు, అంతే. విరామంలో ఈ లెక్క చెప్పు, కుర్రాళ్ళ మొహాలు తేటబడతాయి.

గోదారి_చెడుగుడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలండి. ఆఖరిగా ఒక్కటి. ఇవన్నీ చేశాక కూడా పోటీ రోజు రైడర్ అలిగి ఆర్డర్ పక్కన పెట్టేస్తే, అప్పటికప్పుడు మార్చేసి వేరేవాణ్ణి దింపమంటారా?

పీడీ_మాస్టారు

దింపొచ్చు, కానీ దాని ధర తెలుసుకుని దింపు. మార్పులు టైమవుట్‌లోనో విరామంలోనో చేయాలి. అవుటై బయట కూర్చున్నవాడి బదులు ఇంకొకణ్ణి దింపడానికి లేదు. అంటే వాణ్ణి తీస్తే మళ్ళీ దింపడానికి ఇంకో టైమవుట్ ఖర్చు. రెండో సగంలో ఒక్కటే మిగిలుండగా కోపంతో వాడేశావనుకో, చివరి రెండు నిమిషాల్లో నీ చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ఆ పరీక్ష పోటీ రోజుకి మిగల్చకు. ఈ ఆరు వారాల్లో పక్క ఊళ్ళతో కనీసం మూడు ప్రాక్టీస్ మ్యాచ్‌లు పెట్టుకో. మొదటి మ్యాచ్‌లో ఆర్డర్ తప్పితే అక్కడే టైమవుట్ తీసుకుని కూర్చోబెట్టు, విరామం అయ్యాక మళ్ళీ అదే పది కూతల లెక్కతో దింపు, ఏమీ జరగనట్టు. అలిగి కూర్చున్న మాట ఎత్తకు. రెండో మ్యాచ్‌లో మెయిన్ రైడర్ లేకుండా మొదటి పది నిమిషాలు ఆడించు, ముందే అతనికి చెప్పి, అతని చేతికే స్కోరు పుస్తకం ఇచ్చి. రెండోవాడు ఎక్కడ దొరుకుతున్నాడో, అవతల కార్నర్ ఎప్పుడు లేస్తున్నాడో రాయమను. విరామంలో ఆ రెండో రైడర్‌కి చెప్పాల్సింది అతనే చెప్పాలి, నువ్వు పక్కన నిలబడు. మూడో మ్యాచ్ పూర్తిగా పోటీ నియమాలతో, టైమవుట్లు కూడా లెక్కపెట్టుకుని ఆడండి. ఆ మూడు మ్యాచ్‌ల స్కోరు పేజీలు ఇక్కడ పెట్టు, అందరం చూస్తాం.